గుండుసూదులు లేని పుట్టగొడుగు

ఇంగ్లండులోని లీడ్స్‌లో ఏరు పొంగి వీధుల్లోకి వచ్చిన మరుసటి ఏడాది అది.

పక్కింటి మారీన్ వంటగదిలో కూర్చుని తిరుపతయ్య ఎర్ర ఫెల్ట్ గుడ్డతో పుట్టగొడుగు కుడుతున్నాడు. ఊళ్ళో మార్కెట్ యార్డులో గోనెసంచులు కుట్టిన చేతులు. దబ్బనం అలవాటు. ఈ సన్న సూది వేళ్ళ మధ్య నిలవడం లేదు.

"గోనెసంచి కాదు మామయ్యా, బొమ్మ. చిన్నచిన్నగ కుట్టుండ్రి" అని నవ్వింది కోడలు ప్రణీత. మారీన్ మాట ఈయనకు చెప్పేది ఆమే. ఈయన మాట మారీన్‌కు చెప్పేదీ ఆమే.

మారీన్ వేళ్ళు ఇప్పుడు వంగవు. రేపు పొద్దున ఆమెను వృద్ధాశ్రమానికి తీసుకుపోతున్నారు. పోయే ముందు వీళ్ళ పాపకు ఒక పుట్టగొడుగు ఇచ్చి పోవాలని పట్టుబట్టింది. తాను ఇక కుట్టలేకపోతోంది గనుక, తిరుపతయ్యనే కుట్టమంది.

"నేనెందుకు? నువ్వు కుట్టరాదు?" అన్నాడాయన కోడలితో.

"మీరే కుట్టాల్నట. మిస్టర్ టీయే కావాలంటుంది." మారీన్ ఆయన్ను పిలిచేది అలాగే.

తిరుపతయ్య తల వంచుకుని కుట్టాడు.

వరదకు ముందు ఇలాంటిదే ఒకటి మారీన్ కుట్టింది. ప్రణీతకు అప్పుడు నెలలు నిండాయి. కానుకగా వీళ్ళ గుమ్మంలో పెట్టి వెళ్ళింది. అందిందా అని తర్వాత అడిగితే ప్రణీతకు ఏమీ తెలియదు. వరదలో కొట్టుకుపోయిందని తిరుపతయ్యే చెప్పాడు. కోడలు అదే మాట ఇంగ్లీషులో చెప్పింది. మారీన్ తలూపింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

దాన్ని వరద తీసుకుపోలేదు. ఆ సంగతి తిరుపతయ్య ఎవరికీ చెప్పలేదు. ఈ రోజైనా చెప్పాలి. రేపటి తర్వాత ఆమె ఇక్కడ ఉండదు. కానీ కోడలి నోటి గుండా చెప్పాలి. కోడలి ముందు ఎలా?

మారీన్ ఒక చిన్న రేకు డబ్బా ముందుకు తోసింది. గుడ్డ కదలకుండా గుచ్చుకోవడానికి గుండుసూదులు. అన్నీ నల్లగా ఉన్నాయి.

"ఇవేం సూదులు, ఇట్ల నల్లగైనయ్?" అంది ప్రణీత. "కొత్తయి కొనుక్కొస్తనన్న. వద్దట. ఇవే వాడాల్నట."

తెల్ల చుక్కలు కుట్టాడు. లోపల దూది కూరాడు. అంచుకు కాజా కుట్టు వేశాడు. కాడ కొంచెం వంకర వచ్చింది. మారీన్ దాన్ని తిప్పి తిప్పి చూసి ఏదో అంది.

"మంచిగైందట. గుండుసూదులన్ని తీసెయ్యమంటుంది. ఈసారి ఒక్కటి గుడ ఉండొద్దట. పాపకు గుచ్చుకుంటయని గావచ్చు."

తిరుపతయ్య చేయి ఆగింది. తర్వాత ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు.

"ఆమెకు ఒక మాట చెప్పాలె" అన్నాడు.

"ఏం చెప్పాలె మామయ్యా?"

"ఏం లేదు. పైలంగ పొమ్మను."

మర్నాడు పొద్దున, కారు రాకముందే, ఒక్కడే వెళ్ళాడు. మారీన్ కోటు వేసుకుని వంటగదిలో కూర్చుని ఉంది. బల్ల మీద ఆ రేకు డబ్బా. తిరుపతయ్య కొత్త పుట్టగొడుగును దాని పక్కన పెట్టాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీసినట్టు చూపించి, పుట్టగొడుగుకు అంటించినట్టు చూపించి, అరచెయ్యి తన గుండెకు ఆనించుకున్నాడు.

ఆ రోజు తలుపు తీసేసరికి గుమ్మంలో ఎర్రటి బొమ్మ, ఒళ్ళంతా గుండుసూదులు. ఇంట్లో నిండు చూలాలైన కోడలు. ఎవరో బాణామతి చేశారనుకున్నాడు. ఎవరూ లేవకముందే పెరటి గోడ దగ్గర కాల్చేశాడు. గుండుసూదులు గుచ్చి పెట్టుకునే దిండును ఇక్కడివాళ్ళు పుట్టగొడుగులా కుడతారని తర్వాత ఒక దుకాణంలో చూసి తెలుసుకున్నాడు.



మారీన్ డబ్బా వంచి ఆ నల్లటి గుండుసూదులను ఆయన అరచేతిలో పోసింది. కిటికీలోంచి ఆయన పెరటి గోడ వైపు, ఆనాడు బూడిద మిగిలిన చోటు వైపు చూపించి, వంగని వేళ్ళతో ఒక్కొక్కటే ఏరుకున్నట్టు చేసి చూపించింది.