రెండు మూరల తల్లి

“తల అటు, తోక ఇటు. నెమ్మదిగా దించు. వీపు మీద చెయ్యి వేశావో, దానికి చెడ్డ కోపం!” అన్నాడు తోడల్లుడు, ట్రాలీ మీది నీళ్ళ డ్రమ్ము ఒక పక్క పట్టుకుని.

రెండో పక్క పట్టుకున్న జాలరి వినిపించుకోలేదు. డ్రమ్ములోని చేప తోకతో చెంప మీద ఒక్కటిచ్చింది.

“అచ్చం మా అత్తగారి చేతివాటం,” అంది జాలరి భార్య.

సంగతేమిటంటే, ప్రభుత్వం చెరువుల విధానాన్ని సంస్కరించింది. ఏళ్ళ తరబడి ఎవరికి తోచినంత వాళ్ళు పట్టుకుపోగా, చివరికి వలలో పడే చేపలకంటే వల కన్నాలే పెద్దవైపోయాయి. అందుకని కొత్త రూలు పెట్టారు. ఏడాదికోసారి అధికారి వస్తాడు. ఆయన ఎదుట మూడుసార్లు వల వెయ్యాలి. రెండు మూరల చేప ఒక్కటి పడితే చెరువు ఆరోగ్యంగా ఉన్నట్టు. పడకపోతే చెరువుకి అయిదేళ్ళు విశ్రాంతి, పడవలన్నీ గట్టు మీద బోర్లా.

పోయిన ఏడాదంతా జాలరి వలలో పడ్డవాటిలో పెద్దది ఒక చెప్పు. ఎడమకాలిది. పోనీ, వేరే పని చేతనవునా అంటే, ఒకసారి కూరగాయలు అమ్మబోయి, పారిపోతాయేమోనని వంకాయల మీద వల కప్పిన మనిషి. చెరువు మూస్తే అతని ఇంట్లో పొయ్యి కూడా మూసినట్టే.

“ఇది మీ చెరువుదేనా అన్నయ్యా?” అని అడిగాడు జాలరి.

“అడక్కు. మొన్న మమ్మల్ని గట్టెక్కించింది, ఇవాళ మిమ్మల్ని ఎక్కిస్తుంది. సాయంత్రం అయిదింటికల్లా మళ్ళీ డ్రమ్ములో ఉండాలి. మనిషి వస్తాడు.”

“ఎవరు?”

“అదీ అడక్కు. వచ్చేసరికి చేప లేదనుకో, నువ్వు నాకు తోడల్లుడివీ కావు, మా ఆవిడకి చెల్లెలూ లేదు.”

“పెళ్ళి చేసిన మా నాన్నని అడిగి చెప్పు బావా, ఆ మాట!” అంది జాలరి భార్య. కానీ తోడల్లుడు అప్పటికే ట్రాలీ ఎక్కేశాడు.

మొగుడూ పెళ్ళాం గట్టు పక్కన నీళ్ళలో తడికెలు పాతి, దడి కట్టి, చేపని అందులో దాచారు.

పదింటికి జీపు వచ్చింది. అధికారిని అందరూ టేపుసారు అంటారు. మెడలో కొలత టేపు లేకపోతే ఆయన్ని కన్నవాళ్ళు కూడా గుర్తుపట్టరు. నవ్వడం ఆయన శాఖలో నిషేధమేమో మరి.

మొదటి వలలో నాచు పడింది. రెండో వలలో నాచుతోపాటు ఒక సీసా. మూడోసారి జాలరి పడవని మెల్లగా దడి దగ్గరికి పోనిచ్చాడు.

“అంత ఒడ్డునా?” అన్నాడు టేపుసారు.

“పెద్దవి ఎండ కాచుకోడానికి వస్తాయి సారూ!”

వల బరువుగా లేచింది. టేపుసారు చేపని తల నుంచి తోకదాకా కొలిచాడు. నోరు తెరిపించి చూశాడు.

“ఈ చెరువులోనే పుట్టిందా?”

“మా నాన్న చేతుల మీద పెరిగింది సారూ.”

“అలాగా. అయితే నీకేమవుతుంది?”

జాలరి పెళ్ళాం వైపు చూశాడు.

“నాకు ఆడపడుచవుతుంది సారూ,” అంది భార్య. “ఆ చూపు చూస్తే తెలీడం లేదూ?”

టేపుసారు నవ్వకుండా కాగితం మీద ముద్ర కొట్టాడు. “మీది నలభయ్యో చెరువు. నలభైకి నలభై పాసు. ఇలాంటి సంస్కరణ ఇంకెక్కడా ఫలించలేదు. ఇక వదిలెయ్యండి.”

“దేన్ని సారూ?”

“చేపని. పన్నెండో రూలు. పెద్ద చేప విత్తనంతో సమానం. నడిచెరువులో, నా కళ్ళముందు వదలాలి.”

కాగితం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వదిలాడు జాలరి. చేప వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు.

జీపు కనుమరుగయ్యాక మొదలైంది అసలు వేట. వల వేశారు, గాలం వేశారు. జాలరి చెరువంతా మునకలేశాడు. దొరికింది కుడికాలి చెప్పు.

“వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా, రావే!” అని గట్టు మీంచి బతిమాలింది భార్య.

“దానికి కాళ్ళెక్కడివే?”

“నువ్వు మాట్లాడకు. ఇంటి ఆడపిల్లని అడిగే తీరు అదేనా?”

అయిదు కావస్తుండగా గట్టు మీద దుమ్ము లేచింది. ఆ మనిషే అనుకుని ఇద్దరూ డ్రమ్ము వెనక నక్కారు. తీరా చూస్తే, టేపుసారు జీపు.

“చచ్చాం. ఎవరో చెప్పేశారు,” అన్నాడు జాలరి. పరుగున వెళ్ళి అధికారి కాళ్ళ మీద పడ్డాడు. “సారూ, ఆ చేప మాది కాదు, అరువు తెచ్చాం. మా నాన్న దాన్ని ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు అదీ పోయింది. కాగితం చింపెయ్యండి, పడవ మాత్రం బోర్లించకండి!”

టేపుసారు బూట్లు విప్పాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. నీటి అంచున గొంతుకూర్చుని, జేబులోంచి రొట్టెముక్క తీసి, రెండుసార్లు చప్పట్లు కొట్టాడు.

నడిచెరువులో నీళ్ళు కదిలాయి. కదలిక గీతలా సాగి, తిన్నగా వచ్చి ఆయన అరచేతుల్లో ఆగింది. జాలరి భార్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. టేపుసారు మొదటిసారి నవ్వాడు.

“పద తల్లీ, రేపు నలభై ఒకటో చెరువు.”