కుంకుమ అడిగిన ఇంజను

రొయ్యల చెరువు గట్టు మీద కొత్త డీజిల్ జనరేటర్‌కు మెకానిక్ నూకరత్నం ఆయిల్ పోసి, రేడియేటర్ నింపి, కాపలా పెట్టె బిగించింది. ఇప్పుడు ప్రతి ఇంజనుకూ ఇలాంటి పెట్టె ఒకటి ఉంటోంది. ఆయిల్ తగ్గినా, వేడెక్కినా అదే నోరు తెరిచి చెప్పి ఇంజను ఆపేస్తుంది. ఒక పెట్టెకు నేర్పితే లోకంలో ఉన్న పెట్టెలన్నీ నేర్చేసుకుంటాయి.

చెరువు యజమాని గంగరాజు సంబరం పట్టలేక ఇంజనుకు పసుపు పూసి కుంకుమ పెట్టాడు, సరిగ్గా పెట్టెకున్న కెమెరా కంటి మీద! అంతలోనే కరెంటు పోయింది. చెరువు నీటికి గాలి అందించే చక్రాలు ఆగిపోయాయి. ఊపిరాడక రొయ్యలు పైకి తేలుతున్నాయి.

"ఎర్రగా ఏదో కారుతోంది. స్టార్ట్ చెయ్యను," అంది పెట్టె.

"కారడం కాదే తల్లీ, కుంకుమ! కొత్త ఇంజనుకు పెట్టాల్సిందే!" అంటూ నూకరత్నం దాని కన్ను తుడిచింది.

"పెట్టాల్సిందే. నేర్చుకున్నాను."

ఇంజను గుర్రుమంది. చక్రాలు నీళ్లు చిమ్ముతుంటే గంగరాజు గంతులేశాడు.

ఇంతలో నూకరత్నం ఫోను మోగింది. నార్వే ఓడలో ఇంజనీరు మాటల్ని ఫోను తెలుగులో వినిపించింది.

"మేడమ్, మా కొత్త ఇంజను స్టార్ట్ కానంటోంది. మిమ్మల్నే అడగమంది. కుంకుమ అంటే ఏ గ్రేడు ఆయిలండీ?"