మీ వదినే కావాలి

"ఇది విను," అంటూ ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

ఆమె పొయ్యి తగ్గించింది.

ఆయన మందుల కంపెనీలో పనిచేస్తాడు. మందుపెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం మీది మాటలు ఆయనవే. ఏ కాగితమైనా అచ్చుకి వెళ్ళేముందు ఆమె చెవిన పడాల్సిందే.

"రోజుకు మూడుసార్లు రెండు మాత్రలు వేసుకోవాలి."

"మూడుసార్లకీ కలిపి రెండా, సారికి రెండా?"

ఆయన ఆగాడు. కొట్టేసి, "సారికి రెండు" అని రాసుకున్నాడు.

"ఆహారానంతరం..."

"అన్నం తిన్నాక అంటే పోదూ?"

అదీ మార్చాడు. ఎన్నిసార్లు అడ్డుపడినా విసుక్కోడు. చదువుతున్నంతసేపూ ఆమె ముఖంలోకే చూస్తాడు. కనుబొమ ముడిపడిన చోటల్లా ఆగుతాడు. ఆ చూపు కోసం పొయ్యి మీద కూర మాడినా ఆమె కదిలేది కాదు.

ఆయన చెల్లెలు కాలేజీలో పాఠాలు చెబుతుంది. సెలవులకి వచ్చినప్పుడు చూసి నవ్వింది.

"పెళ్ళాం దగ్గర రోజూ పాఠం అప్పజెప్పే మగాణ్ణి నిన్నే చూశానన్నయ్యా. ఇటు కూర్చో, నేను వింటా."

"నువ్వు పనికిరావు. మీ వదినే కావాలి," అన్నాడాయన.

చెల్లెలు వెళ్ళాక ఆ మాట ఆమె వీధంతా చెప్పుకుంది. పక్కింటావిడ మూతి తిప్పింది.

"మా ఆయన నోరు తెరిచేది ఆవలింతకే. పెట్టి పుట్టావు తల్లీ."

కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకి ఈ పని నేర్పే బాధ్యత ఆయనకిచ్చారు. మొదటిరోజు సభకి ఇంట్లోవాళ్ళు కూడా వచ్చి వినొచ్చన్నారు.

"నీకేం తోస్తుంది అక్కడ? ఉండు," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆమెకి కాలు నిలవలేదు. దాచుకున్న మంచి బట్టలు కట్టుకుంది. తాళంచెవి పక్కింటావిడ చేతిలో పెట్టింది.

"నలుగురిలో నా సంగతి ఎత్తుతారో లేదో చూడాలి."

"ఎత్తకపోతే ఇంటికొచ్చాక కూర మాడ్చెయ్," అంది పక్కింటావిడ.

ఆమె వెళ్ళి చివరి వరుసలో కూర్చుంది. దీపాలన్నీ వేదిక మీదే. వెనక ఎవరున్నారో ఆయనకి కనబడదు.

చక్కగా చెప్పాడు. ఆ కాగితం డాక్టరు చేతిలోనూ పడుతుంది, బడి మొహం చూడనివాడి చేతిలోనూ పడుతుంది, ఇద్దరికీ ఒకేలా తలకెక్కాలి అన్నాడు. అందరూ తలలూపారు. ఆమె పక్కనున్న అమ్మాయి వైపు వంగి, "మా ఆయనే," అంది.

ముందు వరుసలో ఒకావిడ లేచింది.

"అందరికీ అర్థమవుతుందని ముందే ఎలా తెలుస్తుంది సార్?"

చివరి వరుసలో ఆమె కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

ఆయన చిన్నగా నవ్వాడు.

"మీ ఇంట్లో అందరికంటే మందబుద్ధి ఎవరో చూసుకుని వాళ్ళకి చదివి వినిపించండి, పెళ్ళయినప్పటినుంచీ నేను చేస్తున్నది అదే."