బురద పూసిన మొదళ్లు

"అంపా, గొడ్డలి కింద పెట్టు!"

హొర్తాన్స్ మోకాలి లోతు బురదలోంచి అరిచింది. మడ అడవిలో గొడ్డలి చప్పుడు విని ఇంటి దగ్గర్నుంచి పరుగున వచ్చింది. పొరుగూరి దొంగ ఎవడో అనుకుంది. తీరా చూస్తే సొంత మరిది. వాడి వెనక ఊళ్లో మగవాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు. అందరి చేతుల్లోనూ కత్తో గొడ్డలో ఉంది.

అడవి మొగలో ఆమె కట్టిన తాటిమట్ట అలాగే ఉంది. అది కట్టి ఉండగా లోపల ఎవరు కొమ్మ విరిచినా ఆడవాళ్ల దేవతకి పందిని ఇచ్చుకోవాలి. ఇరవై రెండేళ్లుగా ఆ మట్ట కట్టేదీ ఆమే, దొంగల్ని పట్టేదీ ఆమే.

"తప్పుకో వదినా," అన్నాడు అంపా. "ఎన్ని పందులు కావాలో చెప్పు. తరవాత ఇచ్చుకుంటాం."

"ఒక్క వాసం కొట్టినందుకు నీ పందిని లాక్కుపోయినదాన్నిరా. మరిచిపోయావా?"

"ఎందుకు మరిచిపోతాను? నా పందిలోంచి నాకూ ఓ ముక్క పెట్టావుగా."

ఎవరూ నవ్వలేదు.

"కిందటి నెల జిగిన్షోర్ పట్నం నుంచి అధికారి వచ్చినప్పుడు నువ్వూ ఉన్నావు," అన్నాడు అంపా. "ఏమన్నాడు? మీ అడవి భేషుగ్గా ఉందమ్మా, సర్కారు డబ్బు పాడైన అడవులకే అన్నాడు. ఏటి అవతల బుతేమ్ వాళ్లు చేపలకి పొగబెట్టడానికి ఉన్నదంతా నరుక్కున్నారు. వాళ్లకి మొక్కలు నాటిస్తారట. రాతి గట్టు కూడా కట్టిస్తారట. కాపాడుకున్న మనకేమొచ్చింది?"

"మెప్పొచ్చింది," అంది వెనకనుంచి ఓ ముసలామె. "వండుకు తినండి."

ఊరి గట్టు తెగి రెండేళ్లయింది. పారలు పట్టుకుని మూడుసార్లు మట్టి పోశారు. మూడుసార్లూ సముద్రపు పోటు పట్టుకుపోయింది. వరి మళ్లలో ఉప్పు తేలింది. హొర్తాన్స్ మడిలోనూ తేలింది. రాళ్లతో కడితే తప్ప గట్టు నిలవదు. అది నిలవకపోతే ఈ ఏడూ నాట్లు లేవు.

"ఇవాళ పోటుకి పడవ పంపుతానన్నాడు ఆ అధికారి," అన్నాడు అంపా. "దేనికి? చివరి జాబితా రాసుకోవడానికే కదా. వచ్చినవాడి కంటికి మొదళ్లు కనబడాలి. లేకపోతే మన ఆడపిల్లలు డకార్ పోయి ఎవరిళ్లలోనో పాచిపని చేసుకోవాలి. ఇంకో దారుంటే చెప్పు వదినా. గొడ్డలి నీ చేతికిచ్చేస్తా."

అందరూ ఆమె వంకే చూస్తూ నిలబడ్డారు. హొర్తాన్స్ వెళ్లి తాటిమట్ట విప్పింది. దాన్నెక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుంది.

"ఇక్కడ కాదు," అంది. "కాపుకి రాని ఈ పిల్లచెట్లు కొడితే పడవలోంచి ఎవడికి కనబడుతుంది? ఏటి ఒడ్డున కొట్టండి. పెద్దవి."

అంపా గొడ్డలి భుజానికెత్తుకున్నాడు.

"పచ్చి మొదళ్లు ఎర్రగా ఉంటాయి. బురద పూయండి. దొంగలందరూ అదే చేస్తారు. నేను గోటితో గీకి పట్టుకునేదాన్ని. పట్నం వాళ్లు గీకరు."

మధ్యాహ్నానికి ఏటి ఒడ్డు బోసిపోయింది. కూలిన కొమ్మల నిండా ములక్కాడల్లాంటి పచ్చి కాయలు. అవి పండడానికి ఇంకో నెల పడుతుంది. పచ్చివి నాటితే కుళ్లిపోతాయి. ఆడవాళ్లు కొమ్మల్ని లోపలికి ఈడ్చేశారు. హొర్తాన్స్ ఒక్కో మొదలూ చూసుకుంటూ, ఎరుపు కనబడిన చోటల్లా తన చేత్తో బురద పూసింది.

పోటుతో పాటే పడవ వచ్చింది. అందులో కిందటి నెల అధికారి లేడు. సర్కారు చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె చుట్టూ ఖాళీ గోనెసంచుల కట్టలు. పడవ రేవులో ఆగకుండా దాటిపోబోయింది. అంపా ఒడ్డు వెంట పరుగెత్తి చేతులూపాడు. పడవ వెనక్కి తిరిగింది.

"పాడైన అడవి ఇదేనమ్మా!" అని కేకేశాడు. "చూసి రాసుకోండి!"

ఆమె మొదళ్లన్నీ చూసింది.

"అయ్యో, అలా ఎలా నరుక్కున్నారన్నా? జాబితా పని నాది కాదు. బుతేమ్‌లో నాటడానికి విత్తనాల కోసం వచ్చాను. ఈ ఏటి మీద కాపుకొచ్చిన చెట్లు ఒక్క ఊళ్లోనే మిగిలాయట. ఒడ్డంతా కాయలతో వంగి ఉంటుంది, అదే గుర్తు అన్నారు కిందటి నెల వచ్చి చూసిన మా సారు. ఆ ఊరికి గట్టు లేదని, కాయలకిచ్చే డబ్బు రాతి గట్టుకి సరిపోయేలా ఆయనే మంజూరు చేయించారు. ఇవాళ బయానా ఇచ్చి, సంచులు దింపి పోతాను. పండాక మళ్లీ వస్తాను."

ఆమె అందరికన్నా ముందు నిలబడిన పెద్దావిడ వైపు తిరిగింది. ఆ మనిషి రెండు చేతులకీ మోచేతుల దాకా బురద ఉంది.

"పెద్దమ్మా, హొర్తాన్స్ గారి ఊరు ఇంకెంత దూరం?"