నాలుగు పొద్దుల కాఫీ

“ఈరోజు ఆపరేషన్ లేదండీ,” అంది నర్సు, తీసుకెళ్లిన మంచాన్ని మళ్లీ వార్డులోకి తోసుకొస్తూ.

రక్తం నీళ్లలా పలచగా ఉందట. ఇప్పుడు కత్తి పెడితే ఆగదట. పిత్తాశయంలో రాళ్లతో భర్త నిన్నటి నుంచి మెలికలు తిరిగిపోతున్నారు. ఇంకెన్నాళ్లు ఇలా అని ఆమె అడగబోయేలోగా నర్సు వెళ్లిపోయింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నొప్పి ఎలా ఉందని ఆమె ఆయన్ని అడగలేదు. ఆరేళ్లుగా వాళ్లిద్దరి మధ్య మాటల్లేవు.

ఆరేళ్ల కిందట ఆమె తల్లికి ప్రాణం మీదికొచ్చిందని ఆయన కళ్లజోళ్ల షాపుకి ఫోనొచ్చింది. ఆయన షాపు మూసి ఇంటికొచ్చేసరికి ఆమె జ్వరం మాత్ర వేసుకుని నిద్రపోతోంది. లేపడమెందుకు, పొద్దున చెబుదాంలే అనుకున్నారు. పొద్దుటికి తల్లి లేదు. “ఇక జన్మలో నాతో మాట్లాడకండి,” అందామె. కాపురంలో ఆమె చెప్పిన మాట ఆయన తు.చ. తప్పకుండా విన్నది అదొక్కటే.

కోపం ఏడాదికే కరిగిపోయింది. నోరే పెగల్లేదు. ఆమె వండి మూత పెట్టేది, ఆయన వడ్డించుకుని తినేవారు. కాఫీ ఎవరిది వారే కలుపుకునేవారు. ఆపరేషన్ తేదీ కూడా ఆయన క్యాలెండరు మీద రాసిపెడితేనే ఆమెకు తెలిసింది. ఆమె రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుని ఒకటే అడిగేది: ఆయన నోటి నుంచి ఒక్క మాట. తిట్టయినా సరే. ఇంత చిన్న కోరిక తీర్చడానికి దేవుడికి ఏం అడ్డమో ఆమెకు అర్థమయ్యేది కాదు. ముందు తనే పలకరించొచ్చుగా అని కూడా అనిపించేది. అలా అనిపించినప్పుడల్లా వెళ్లి తోమిన గిన్నెలే మళ్లీ తోమేది.

మధ్యాహ్నం తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి వచ్చి ఆయన దగ్గర చాలాసేపు కూర్చుంది. తర్వాత ఈమెను వరండాలోని బల్ల దగ్గరికి పిలిచింది. క్లినికల్ ఫార్మసిస్టునని చెప్పుకుంది.

“అంటే మందుల షాపా?”

“షాపు లేదమ్మా, మందులే. సర్జన్‌గారు పొట్ట చూస్తారు. ఆ పొట్టలోకి ఏమేం వెళ్లాయో నేను చూస్తాను.”

రోగినీ, ఇంట్లోవాళ్లనీ విడివిడిగా అడగడం తమ పద్ధతి అంది. ఇద్దరూ చెప్పిన మందుల జాబితాలు ఎక్కడ కలవవో తంటా అక్కడే ఉంటుందట.

“రక్తం గడ్డకట్టకుండా గుండెకు వాడే మాత్రని మీ ఆయన ఆరు రోజుల కిందటే ఆపేశారట. మాత్రల అట్ట చూపించారు, లెక్క సరిపోయింది. ఇంకేమైనా తీసుకున్నారా అని అడిగితే, ‘మా ఆవిడ ఇచ్చే కాఫీలో ఏమీ లేదండీ’ అన్నారు. నేను కాఫీ ఊసే ఎత్తలేదు.”

ఆమె గబుక్కున అడిగింది: “ఆ మాత్ర ఆపమన్నదెవరు?”

“మేమే అమ్మా. ఆపరేషన్‌కి ముందు ఆపాలి. ఆయన మీకు చెప్పలేదా?”

ఎలా చెబుతారు? ఆమె తల దించుకుంది. ఆ తర్వాత అంతా చెప్పేసింది. అలమరలో ఆయన మాత్రలు రెండు రోజులుగా తరగకపోవడం చూసింది. ప్రాణం మీద విసుగు పుట్టి మానేశారనుకుంది. పాత మందుల చీటీతో వెళ్లి కొత్త అట్ట కొనుక్కొచ్చింది. రోజుకొక మాత్ర నూరి కాఫీలో కలిపి ఆయన చేతికిచ్చింది. మొత్తం నాలుగు పొద్దులు.

ఆ నాలుగు పొద్దులూ ఎలా గడిచాయో మాత్రం ఆమె ఆ అమ్మాయికి చెప్పలేదు. మొదటి రోజు ఆయన గ్లాసు అందుకున్నారు. గ్లాసులోకి చూశారు, ఆమె వైపు చూశారు, ఆఖరి చుక్కదాకా తాగి గ్లాసు తనే కడిగిపెట్టారు. రెండోరోజు ఇంటి కాగితాలూ బ్యాంకు పుస్తకమూ ఆమె దిండు మీద పెట్టారు. మూడోరోజు షాపు తాళాలు. ఆపరేషన్ భయం కాబోలనుకుంది. నాలుగో రోజు కాఫీ తాగాక తలుపు దగ్గర నిలబడి ఆమెను అలా చూస్తూ ఉండిపోయారు. ఏదో ఒకటి అంటారని ఆమె పొయ్యి కట్టేసి మరీ ఎదురుచూసింది. ఆయన లోపలికి వెళ్లిపోయారు.

ఫార్మసిస్టు కోప్పడలేదు. విరుగుడుగా ఒక ఇంజెక్షన్ చేయిస్తానంది. ఎల్లుండి మళ్లీ పరీక్ష చేసి, రక్తం దారికొస్తే ఆ మర్నాడే ఆపరేషన్ అంది. కాకపోతే ఇదంతా కాగితం మీద రాయాలి, ఆయనకూ చెప్పాలి.

“ఆయనకొద్దు తల్లీ. తెలిస్తే ఇక నా చేతి కాఫీ ముట్టుకోరు. ఆ గ్లాసొక్కటే మిగిలింది మాకు.”

“మీరు ఒకరికొకరు చెప్పుకోకపోబట్టే కదమ్మా, ఇంతదాకా వచ్చింది,” అందా అమ్మాయి మెత్తగా, లేస్తూ.

ఇద్దరూ లోపలికి వెళ్లారు. ఆమె మంచం కాళ్ల దగ్గర నిలబడిపోయింది. ఫార్మసిస్టు ఆయన పక్కన కూర్చుని, ఆవిడ నాలుగు రోజులుగా కాఫీలో కలిపింది ఆయన మాత్రేనని, ఆయన ప్రాణం కోసమే కలిపిందని, వద్దన్న సంగతి ఆవిడకు తెలియదని నిదానంగా చెప్పింది.

ఆయన మోచేయి ఆనించి లేచి కూర్చున్నారు. భుజాలు కదిలాయి, నవ్వో ఏడుపో తెలియకుండా. భార్య వైపు తిరిగారు. ఆరేళ్ల తర్వాత ఆయన పెదాలు విడివడ్డాయి.

“నేను విషమనుకున్నాను.”