గేటు బయటి గొంతు

స్టీరింగు పక్కన బిగించిన వైర్‌లెస్ సెట్టు మైకు చేతిలోకి తీసుకొని, లక్ష్మీరాజం బటన్ నొక్కాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"ఎంకటవ్వా, నేనే. ఇనవడ్తుందా? ఓవర్."

బటన్ వదిలాడు. వదిలితేనే అవతలి మాట వస్తుంది. గరగర తప్ప ఏమీ రాలేదు.

ఎదురుగా ఆసుపత్రి గేటు. సూరత్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. రోగులను చూడటానికి ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. వెంకటవ్వ మూడో అంతస్తు వార్డులో ఉంది. మూతికి ఆక్సిజన్ మాస్కు. మాట్లాడే ఓపిక లేదు. ఊరి శివారు ఉన్‌లోని ఇంటి నుంచి ఇదే వ్యానులో ఆమెను అతనే తీసుకొచ్చాడు.

వ్యాను ఒక ట్రస్టుది. రోగులను తేవాలన్నా, పోయినవాళ్లను శ్మశానానికి చేర్చాలన్నా పిలవడానికి వార్డులో ఒక చేతి సెట్టు ఉంచారు. అది నర్సు సుమన దగ్గర ఉంటుంది. సిరిసిల్ల నుంచి వచ్చిన మగ్గాలవాళ్ల పిల్ల. పుట్టి పెరిగింది సూరత్‌లోనే. సెట్టులో మాట్లాడించాలన్న ఆలోచన ఆమెదే.

"మాస్క్ పీకేస్తది కాకా. బతకాలని లేదు ఆమెకు. బయట తనకోసం ఒక మనిషి ఉన్నడని తెలిస్తే పెట్టుకుంటది" అంది పొద్దున.

"నా గొంతు గుర్తువడ్తదా?"

"గీ సెట్ల అందరి గొంతు ఒక్కతీరే గరగరమంటది. నువ్వు మాట్లాడు, బస్. నువ్వు గాకపోతే ఇంకెవరున్నరు ఆమెకు?"

అతను మళ్లీ బటన్ నొక్కాడు.

"నోటితోని జవాబు చెప్పకు. సుమన చేతుల సెట్టుకు బటన్ ఉంటది. ఊకె నొక్కి వదులు. ఒక్కసారి టక్కంటే అవును. రెండుసార్లంటే కాదు. మాస్క్ పెట్టుకుంటవా ఎంకటవ్వా? ఓవర్."

చాలాసేపు గరగర.

టక్.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం అదే మాట, అదే టక్కు.

పగలంతా బండి తిరుగుతూనే ఉండేది. వరాఛా, పాండేసర, మళ్లీ ఆసుపత్రి, అక్కడి నుంచి శ్మశానం. శ్మశానం బయట బండ్ల వరుసలో ఆపుకొని కూర్చునేవాడు. చేయగలిగింది ఏమీ లేదు. దించినవాళ్ల పేర్లు అడగడం మానేశాడు. ఉన్ నుంచి తెచ్చిన ఒకతని పేరు మాత్రం చెవిలో ఉండిపోయింది.

డ్రైవర్లు ఇళ్లకు పోవద్దని ట్రస్టువాళ్లు గట్టిగా చెప్పారు. పడక వ్యానులోనే. ఉన్‌లో ఆ ఇంటి పక్క గదిలో ఉండే నర్సింగం సైకిలు మీద గేటు దాకా వస్తే, అతణ్ణి గుచ్చి గుచ్చి అడిగేవాడు.

"ఇంటికాడ ఏం సంగతి?"

"ఏముంటదన్నా. తాళమేసి ఉన్నది. తులసి చెట్టుకు నీళ్లు పోస్తున్న."

"ఇంకా?"

"రేకుల మీద పిల్లి నాలుగు పిల్లల్ని వెట్టింది. ఒకటి అచ్చం నా లెక్కనే, బొగ్గు."

"గిది మంచిగున్నది. ఆమెకు చెప్త."

"నువ్వు తింటున్నవార నర్సింగం అని ఒక్కనాడన్న అడిగినవా? పిల్లి ముచ్చట మాత్రం కావాలె."

ఆ సాయంత్రం నల్లపిల్లి సంగతి చెబితే టక్ టక్ టక్‌మని ఆగకుండా వచ్చింది. నవ్వు ఆపుకోలేక బటన్ నొక్కుతూనే ఉందని సుమన చెప్పింది. లక్ష్మీరాజం ముఖానికి కట్టుకున్న గుడ్డ సర్దుకొని, అద్దంలోంచి చాలాసేపు బయటికి చూశాడు.

ఆ హుషారులోనే ఇంకో మాట అన్నాడు.

"నా మీద రంది పెట్టుకోకు. నేను గేటు కాడనే ఉన్న. యాడికి పోలే. ఓవర్."

గరగర. తర్వాత టక్. కాసేపాగి, ఇంకో టక్.

వేలు జారి ఉంటుందనుకున్నాడు.

మర్నాడు ఎంత పిలిచినా జవాబు రాలేదు. సుమన కూడా పలకలేదు. మైకు పట్టుకొని మూడో అంతస్తు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఉన్నది ఏ కిటికీ వెనకో కూడా తెలియదు. గేటు దగ్గర చాయ్ పోసే గుజరాతీ ఆవిడ ఏమీ అడగకుండా ఒక కప్పు తెచ్చి డాష్‌బోర్డు మీద పెట్టి పోయింది. అది చల్లారిపోయింది. మసక పడే వేళకు, పిలవకముందే, బలహీనంగా ఒక టక్ వచ్చింది.

మీగడ కట్టిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

తర్వాతి వారం ఒక సాయంత్రం సుమనే ముందుగా పిలిచింది.

"కాకా, ఇయ్యాల మాస్క్ తీసినం. రెండు దినాలల్ల ఇంటికి పంపుతనన్నడు డాక్టర్ సాబ్. నీతోని మాట్లాడ్తదంట. సెట్టు ఆమెకే ఇస్తున్న. ఓవర్."

ఇన్నాళ్లూ ఆ గొంతు వినాలని ఆశపడ్డవాడు, ఇప్పుడు వినడానికి జంకాడు. అయినా బటన్ నొక్కాడు.

"చెప్పు ఎంకటవ్వా. ఇంటున్న. ఓవర్."

వదిలాడు. గరగర. దాని వెనక నుంచి, సన్నగా, బొంగురుగా ఒక గొంతు వచ్చింది.

"అన్నా, మా ఆయన నన్ను ఒక్కనాడన్న పేరువెట్టి పిలువలే, ఆయన్ను ఏడ కాలవెట్టిన్రో జర సూపిస్తవా, ఓవర్."