ఓకే కోసం ఆగిన గేదె

“ఆ గేదె ఎందుకు కదలడం లేదు?” అని అరిచాడు వంశీకృష్ణ. నాచారంలోని ఆ వీడియోగేమ్ కంపెనీకి క్రియేటివ్ డైరెక్టర్ అతనే.

తెర మీద ఉప్పల్ రింగురోడ్డు. నడిమధ్యన గేదె. దాని వెనకాల హీరో బండి, విలన్ లారీలు, ఒక పెళ్లి బరాత్ మొత్తం ఆగిపోయాయి. గేమ్ కొనడానికొచ్చినవాళ్లు పక్కగదిలో ఎదురుచూస్తున్నారు.

“మీరు దాని తోక ఇంక ఓకే జెయ్యలే సార్,” అన్నాడు బొమ్మల్ని కదిలించే దయాకర్. “ఎడమకు ఊపమన్నరు, కుడికి ఊపమన్నరు, మల్ల ఆలోచిస్తనన్నరు.”

“అయితే నడవదా?”

“మీ ఓకే లేకుంట ఏదీ కదలొద్దంటిరి గదా. మా గౌతమి గట్లనే కోడ్ రాసింది.”

“నేనన్నది మిమ్మల్నయ్యా, గేదెని కాదు!”

“మేం గూడ కదుల్తలేం గద సార్.”

వంశీకృష్ణ వెనక్కి తిరిగాడు. హాలునిండా మనుషులు కీబోర్డుల మీంచి చేతులు తీసేసి అతన్నే చూస్తున్నారు, అచ్చం ఆ గేదెలాగే.

అతను మళ్లీ తెర వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా ఓకే నొక్కాడు.

గేదె తనకు తోచినట్టు తోక ఊపుకుంటూ రోడ్డు దాటింది. హాల్లో మాత్రం ఎవరూ కదల్లేదు.

గౌతమి భయంభయంగా చెయ్యెత్తింది.

“సార్, గీ ఓకే బర్రెకేనా, మాకు గూడనా?”